రీఫ్ ట్యాంకులో కోరల్స్ రంగు నిలవాలంటే నైట్రేట్, ఫాస్ఫేట్ ఎలా చూసుకోవాలి?

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు రీఫ్ ట్యాంకు, అంటే కోరల్స్ (పగడపు జీవులు) పెంచే ఉప్పునీటి ట్యాంకు, పెట్టినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి రెండే ప్రశ్నలు. ఒకటి, "తెచ్చినప్పుడు పచ్చగా, నారింజ రంగులో మెరిసిపోయేవండీ, రెండు నెలలకి అన్నీ మట్టిరంగుకి తిరిగాయి, ఎందుకు?" రెండోది, "నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి తెచ్చాను, అయినా కోరల్స్ పాలిపోతున్నాయి, ఎందుకు?" రెండింటికీ జవాబు ఒక్కటే. నీళ్లలో ఆ రెండూ ఉండాలి, కొంచెమే ఉండాలి, ఎప్పుడూ అంతే ఉండాలి. చాలామంది తప్పేది ఆ చివరి మాట దగ్గరే.

కారణం రెండు ముక్కల్లో చెప్పుకుందాం. కోరల్ కండలో కంటికి కనబడని నాచుకణాలు కాపురముంటాయి. గోధుమరంగు వాటిదే. నీళ్లలో నత్రజని (నైట్రేట్), భాస్వరం (ఫాస్ఫేట్) పెరిగితే ఆ నాచుకణాలు గుంపులుగా పెరిగి, కోరల్ సొంత రంగులను కప్పేస్తాయి. నత్రజని, భాస్వరం కరువైతే నాచుకణాలు తగ్గిపోయి, కోరల్‌కి తిండి అందక పాలిపోతుంది. గోదావరి సముద్రంలో కలిసేచోట పగడపు దిబ్బలు లేకపోవడానికీ ఇలాంటి కారణాలే. ఒండ్రు, మంచినీరు, ఎరువులు కలిసిన నీళ్లు వాటికి పడవు. లక్షద్వీప్‌లో, మన్నార్ సింధుశాఖలో, అండమాన్‌లో బతికే జీవిని డెల్టా మధ్యలో పెంచుతున్నాం. వరికి ఎరువు చల్లి, రొయ్యకి మేత వేసి అలవాటైన చెయ్యి ఇక్కడ వెనక్కి పట్టుకోవాలి.

ముందుగా చట్టం మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన సముద్రంలోంచి తీసినవాటిని కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. అందుకే ఈ కొలతలన్నీ మెత్తటి జాతులకే ఇస్తున్నాం. అంటే జోయాంథిడ్లు, మష్రూమ్‌లు, లెదర్ కోరల్స్, జీనియా, గ్రీన్ స్టార్ పాలిప్ వంటివి. వీటిని కొనేటప్పుడు కూడా బిల్లు అడిగి తీసుకోండి.

కావలసినవి

సముద్రపు నీటికి పనికొచ్చే నైట్రేట్ కిట్ ఒకటి కావాలి, సాలిఫర్ట్ అయినా రెడ్ సీ అయినా పరవాలేదు. ఫాస్ఫేట్‌కి మాత్రం రంగు పోల్చే కిట్ల మీద ఆధారపడకండి, 0.03 పీపీఎంకీ (పీపీఎం అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము) 0.10కీ మధ్య తేడా కంటికి తెలియదు. హన్నా చెకర్ లాంటి డిజిటల్ మీటరు కొనండి. డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే ఇక్కడ పెట్టండి. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది), ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు, ఆల్కలినిటీ (నీళ్లు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) కిట్, బంగారు షాపుల్లో వాడే 0.01 గ్రాముల చిన్న త్రాసు, 1 మి.లీ., 10 మి.లీ. సిరంజీలు, ఒక నోట్‌బుక్. స్కిమ్మర్ (నురగతో మురికిని లాగేసే యంత్రం) లేకుండా ఐదో మెట్టులోని వెనిగర్ జోలికి వెళ్లొద్దు. కరెంటు పోయినప్పుడు తనంతట తానే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు మాత్రం అందరికీ ఉండాల్సిందే.

1. మీ ట్యాంకులో నీళ్లెన్నో ముందు తేల్చండి

మందు మోతాదులన్నీ లీటర్ల లెక్కే. 3 అడుగుల పొడవు, 1.5 అడుగుల వెడల్పు, 1.5 అడుగుల ఎత్తు ట్యాంకుకి కొలత ప్రకారం 191 లీటర్లు పడతాయి. రాయి, ఇసుక, అంచు కింద వదిలిన ఖాళీ తీసేస్తే 150 దగ్గర మిగులుతాయి. సంపులో (ట్యాంకుకి కలిపి పెట్టే రెండో తొట్టిలో) 50 లీటర్లు ఉంటే మొత్తం 200. ఇక్కడినుంచి లెక్కలన్నీ ఈ 200 లీటర్లకే చెబుతాం, మీది 100 అయితే సగం చేసుకోండి. షాపువాళ్లు చెప్పిన "75 గ్యాలన్ల ట్యాంకు" అంకెని పట్టుకుని మందు పోస్తే మోతాదు ఎక్కువైపోతుంది. కొత్తగా నింపేవాళ్లు బకెట్లు లెక్కపెట్టుకుని నింపితే ఈ గొడవే ఉండదు.

2. బయటినుంచి వచ్చేవాటిని ముందు అనుమానించండి

నైట్రేట్ తగ్గట్లేదని నెలల తరబడి తంటాలు పడేవాళ్లలో చాలామందికి అసలు తగ్గనివ్వనిది వాళ్లు పోసే నీళ్లే. డెల్టాలో కాలువ నీరు పొలాల మీదుగా, చెరువుల పక్కగా వస్తుంది. ఆ నీళ్లే మున్సిపాలిటీ చెరువులోకి వెళ్తాయి. వేసవిలో కాలువలు కట్టేశాక నిలవ నీటి పరిస్థితి ఇంకా మారిపోతుంది. బోరు నీళ్లు చాలా ఊళ్లలో ఉప్పగానో, ఇనుము తుప్పుతోనో ఉంటాయి. ఇవేవీ రీఫ్ ట్యాంకులోకి రాకూడదు.

ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు, 20 లీటర్ల క్యాను నీళ్లు కూడా సరిపోవు. రుచి కోసం వాటిలో కొంత ఖనిజం ఉంచేస్తారు. టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. సున్నా రావాలి. 30, 50 చూపిస్తే ఆర్‌ఓ తర్వాత ఒక డీఐ రెసిన్ (మిగిలిన ఖనిజాలని పట్టేసే గుళికలు) గొట్టం తగిలించండి. మీటరు 2 చూపగానే రెసిన్ మార్చేయండి, "ఇంకా కొన్నాళ్లు ఆడుతుందిలే" అనుకోవద్దు.

సముద్రం దగ్గరే కదా, అంతర్వేదినుంచో పేరుపాలెంనుంచో నీళ్లు తెచ్చుకుంటే పోలా అని అడుగుతుంటారు. పోదు. నదీ ముఖద్వారాల దగ్గర ఉప్పుదనం నెలకో రకంగా ఉంటుంది, వరదల కాలంలో ఒండ్రు, ఎరువులు, పురుగుమందుల అవశేషాలు అన్నీ అక్కడికే చేరతాయి. హేచరీ నీళ్లు క్లోరిన్‌తో శుద్ధి చేసి ఉంటాయి. మంచి రీఫ్ ఉప్పు కొని, ఆర్‌ఓ డీఐ నీళ్లలో కలిపి, 35 పీపీటీకి (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) తెచ్చుకోండి.

రాళ్లు, ఇసుక కూడా భాస్వరం పీల్చుకుని దాచుకుంటాయి. సెకండ్‌హ్యాండ్ రాయి కొంటే ఒక బకెట్‌లో కొత్త ఉప్పునీళ్లు పోసి, రాయి వేసి, రెండు రోజులు పంపు తిప్పి ఫాస్ఫేట్ చూడండి. 0.2 దాటితే ఆ రాయి నెలల తరబడి మీ ట్యాంకులోకి భాస్వరం వదులుతూనే ఉంటుంది. నీళ్లు మారుస్తూ బకెట్‌లోనే దాన్ని తేల్చుకోండి.

జోయాంథిడ్లు అంటిన రాయిని ముట్టుకునే ముందు చేతికి గ్లోవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. కొన్ని జాతుల్లో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. ఆ రాయిని వేడినీళ్లలో ఉడకబెట్టడం, పొడి బ్రష్షుతో గీకడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రిపాలైన సంఘటనలు వేరే దేశాల్లో జరిగాయి.

3. కొలవడం నేర్చుకోండి

ఇక్కడ తొందరపడొద్దు. తప్పు అంకె పట్టుకుని మందు పోయడం కంటే ఏమీ పోయకపోవడం నయం.

వారానికి రెండుసార్లు, ఒకే వేళకి, మేత వేయకముందు కొలవండి. ఉదయం ఎనిమిది అనుకుంటే ఎప్పుడూ ఎనిమిదే. నైట్రేట్ కిట్ సీసాని ట్యాంకు లైటు కింద పెట్టి చూడకండి, ఆ నీలి వెలుగులో గులాబీరంగు సరిగా తెలియదు. వరండాలోకి తీసుకెళ్లి, ఎండ నేరుగా పడని చోట, కార్డుని తెల్లకాగితం మీద పెట్టి పోల్చండి. సాలిఫర్ట్ కిట్లో తక్కువ అంకెలు చదవాలంటే సీసాని పక్కనుంచి చూసి, వచ్చిన అంకెని 10తో భాగించాలి. పైనుంచి చూసి "10కీ 25కీ మధ్య" అని రాసుకునే అంకె ఎందుకూ పనికిరాదు.

ఫాస్ఫేట్ మీటరుకి గాజు గొట్టమే ప్రాణం. వేలిముద్ర పడినా, నీటిచుక్క అంటినా, అడుగున చిన్న గీత ఉన్నా అంకె మారిపోతుంది. ట్యాంకు నీళ్లతోనే రెండుసార్లు కడిగి, మెత్తటి బట్టతో తుడిచి, అంచు పట్టుకుని పెట్టండి. పొడి పొట్లం మూలల్లో ఇరుక్కుంటుంది. గోటితో తట్టి మొత్తం గొట్టంలో పడేలా చూడండి. కలిపాక గొట్టాన్ని గట్టిగా ఊపకండి, నెమ్మదిగా తలకిందులు చేస్తూ ఉండండి. గోడకి ఒక్క బుడగ అంటుకున్నా 0.05 వచ్చేచోట 0.12 వస్తుంది. వేలితో గొట్టాన్ని మెల్లగా తట్టి బుడగ పైకి తేలాకే మీటరులో పెట్టండి. మీటరుని సున్నాకి సెట్ చేసిన గొట్టంలోనే పొడి కలపండి, అదే దిశలో తిరిగి పెట్టండి.

హన్నా హెచ్‌ఐ736 మీటరు ఫాస్ఫేట్‌ని చూపదు, భాస్వరాన్ని పీపీబీల్లో (పీపీఎంలో వెయ్యో వంతు) చూపుతుంది. వచ్చిన అంకెని 3.066తో గుణించి, 1000తో భాగించాలి. 10 వస్తే ఫాస్ఫేట్ 0.03 పీపీఎం, 30 వస్తే 0.09. ఆ మీటరుకి 5 పీపీబీ అటూఇటూ తేడా మామూలే. అంటే 0.015 పీపీఎం. నిన్న 0.05, ఇవాళ 0.06 వచ్చిందని కంగారుపడొద్దు, అది మార్పే కాదు.

రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ఆక్వా ల్యాబుల సంగతి. మన ఊళ్లలో వీధికొకటి ఉన్నాయి, అది మనకున్న పెద్ద సౌకర్యం. అమ్మోనియా, ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం రెండోసారి సరిచూసుకోవడానికి నిస్సంకోచంగా వెళ్లండి. కానీ రిపోర్టు చదివేటప్పుడు కొలమానం అడగండి. అక్కడ ఆల్కలినిటీ కాల్షియం కార్బొనేట్ లెక్కన వస్తుంది, దాన్ని 17.86తో భాగిస్తే మనం రీఫ్ ట్యాంకుకి వాడే డీకేహెచ్ కొలత వస్తుంది. 150 అంటే 8.4 అన్నమాట. కాల్షియం హార్డ్‌నెస్ అని రాస్తే 0.4తో గుణించండి, 1050 అంటే కాల్షియం 420. నైట్రేట్‌ని నైట్రోజన్ లెక్కన ఇస్తే 4.43తో గుణించాలి. 2 అని చూసి "తక్కువే ఉందిలే" అనుకుంటే అసలు నైట్రేట్ దాదాపు 9 ఉంటుంది. రొయ్యల చెరువుకి బాగున్న ఫాస్ఫేట్ కొలత మన అవసరానికి మరీ మొరటు, దానికి మీ మీటరునే నమ్మండి.

4. అంకెని, రంగుని కలిపి చదవండి

మెత్తటి కోరల్స్‌కి నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.10 పీపీఎం మధ్య పెట్టుకోండి. ఆల్కలినిటీ 7.5 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350. వేడి 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. వేసవిలో ఉక్క ఎక్కువ కాబట్టి ఫ్యాను గాలికి నీళ్లు మన దగ్గర అంతగా చల్లబడవు, చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) ఉంటే మంచిది. ఇవి సరిగా లేకుండా నైట్రేట్‌తో కుస్తీ పడొద్దు.

మట్టిరంగుకి తిరిగి, పాలిప్‌లు (కోరల్ మీది చిన్న పువ్వుల్లాంటి తలలు) తెరుచుకునే ఉంటే పోషకాలు ఎక్కువ, లేదా లైటు చాలట్లేదు. పాలిపోయి, మష్రూమ్ అంచులు ముడుచుకుని, జోయాంథిడ్లు కాడలు సాగదీసి చిన్న తలలతో నిలబడితే పోషకాలు తక్కువనో లైటు తేడా అనో అనుమానించండి, అంకె చూసి తేల్చుకోండి. ఒక్క రోజులో తెల్లబడితే అది పోషకాల పని కాదు, వేడి చూడండి.

మీటరు కంటే ముందే కబురు చెప్పేది ట్యాంకు ముందువైపు అద్దం. శుభ్రం చేసిన మర్నాటికే పచ్చటి పొర కడితే పోషకాలు ఎక్కువ. మూడు, నాలుగు రోజులకి సన్నటి పొడిలా కడితే బాగున్నట్టు. వారం గడిచినా అద్దం తళతళలాడుతుంటే సంతోషించకండి, కోరల్స్ పస్తులుంటున్నాయి. ఇసుక మీద గోధుమరంగు చీమిడిలాంటిది, బుడగలతో, పగలు పెరిగి రాత్రికి తగ్గుతుంటే అది డైనోఫ్లాజెల్లేట్లు కావచ్చు, సున్నా నైట్రేట్, సున్నా ఫాస్ఫేట్ ట్యాంకుల్లో ఎక్కువగా వస్తాయి. తేల్చుకోవడం తేలిక. కొంచెం సిరంజీతో పీల్చి, నీళ్లతో సీసాలో వేసి గట్టిగా ఊపండి, కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి. కిందకి దిగిన నీళ్లని వెలుగులో గంటసేపు ఉంచండి. మళ్లీ పీచులు కట్టుకుంటే అవే. అప్పుడు నీళ్లు మార్చొద్దు, ఆరో మెట్టుకి వెళ్లండి.

5. ఎక్కువైతే దించడం

ఈ వరస తప్పొద్దు. ముందు మేత, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే మందు.

మేత గింజల్లో 1 శాతం భాస్వరం ఉందనుకోండి. రోజుకి 0.2 గ్రాములు వేస్తే 6 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్. అంతా కరిగితే 200 లీటర్లలో రోజుకి 0.03 పీపీఎం చేరినట్టు. "చిటికెడే కదండీ వేశాం" అనే చిటికెడుని త్రాసు మీద పెట్టి చూడండి, చాలామందిది అర గ్రాము ఉంటుంది. చెరువు దగ్గర మిగిలిన రొయ్య మేత చేపలకి వేసే అలవాటు ఉంటే ఈరోజే మానండి. నాలుగు చిన్న చేపలున్న ట్యాంకుకి నిమిషంలో తినేసేంత చాలు. ఫ్రోజెన్ మేతని చిన్న జల్లెడలో ఆర్‌ఓ నీళ్లతో కడిగి వేయండి.

తర్వాత నీళ్లు. వారానికి 20 శాతం, అంటే 40 లీటర్లు. నైట్రేట్ 32 ఉంటే మొదటి వారం 25.6, తర్వాత 20.5, 16.4, నాలుగో వారానికి 13. ఇది కొత్త చెత్త ఏమీ చేరకపోతే వచ్చే లెక్క. నిజంగా ఇంకొంచెం ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి. 10 శాతం మార్చి "దిగలేదండీ" అనేవాళ్లు గుర్తుంచుకోండి, 10 శాతం మారిస్తే 32 కాస్తా 28.8 అవుతుంది, అంతే. కిట్టుకి ఆ తేడా కనబడదు. ఇసుకలోంచి పీల్చేటప్పుడు ఒకేసారి మొత్తం కెలకొద్దు, వారానికో పావు వంతు చాలు. సంపులో కీటో అనే సముద్రపు నాచు పెంచే చోటుంటే పెంచండి, లైటు రాత్రిపూట వేయండి, గుప్పెడు పెరగ్గానే తీసేయండి. తీసి బయట పడేస్తేనే నత్రజని బయటికి పోతుంది, అక్కడే ఉంచి చూసుకుంటే లాభం లేదు.

ఇవన్నీ చేసి ఆరు వారాలైనా నైట్రేట్ 20 దిగకపోతే వెనిగర్. ఈ పద్ధతి మన రైతులకి కొత్త కాదు. చెరువులో అమ్మోనియా పెరిగితే బెల్లం, తవుడు పులియబెట్టి చల్లడం తెలుసుగా, ఇదీ అదే, కర్బనం ఇస్తే బ్యాక్టీరియా నత్రజనిని తినేస్తుంది. అలాగని బెల్లం ఈ ట్యాంకులో వేయకండి, దాని రంగు, ఖనిజాలు, మోతాదు ఏవీ మన చేతిలో ఉండవు. రంగు కలపని తెల్ల వెనిగర్, 4 లేక 5 శాతం ఆమ్లం అని రాసినది తీసుకోండి. 200 లీటర్లకి మొదటి వారం రోజుకి 2 మి.లీ., ఉదయం లైటు వెలిగాక, పంపు ప్రవాహం ఉన్నచోట చుక్కలుగా. వారానికి మరో 2 మి.లీ. పెంచండి. నైట్రేట్ దిగడం మొదలవగానే పెంచడం ఆపండి. 8 దగ్గరికి రాగానే సగానికి తగ్గించండి. 15 మి.లీ. దాటాల్సి వస్తే ఆపేసి మేత లెక్క మళ్లీ చూసుకోండి.

ఇక్కడ ప్రమాదం ఆక్సిజన్. నీళ్లు ఉన్నట్టుండి పాలలా మసకబడితే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగినట్టు. తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి రొయ్య పైకి తేలినట్టే చేపలు పైన గుటకలు వేస్తాయి. వెనిగర్ ఆపి, ఎయిర్ పంపు, స్కిమ్మర్ పూర్తిగా తిప్పండి. కరెంటు కోతల రోజుల్లో, తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు వెనిగర్ ముట్టుకోవద్దు. వెనిగర్ నైట్రేట్‌ని దించినంత వేగంగా ఫాస్ఫేట్‌ని దించదు. నైట్రేట్ అయిపోయి ఫాస్ఫేట్ మిగిలిపోతే ఇసుక మీద ఎర్రటి జిగురు పాకు పరుచుకోవడం చాలాచోట్ల చూస్తాం.

ఫాస్ఫేట్ ఒక్కటే ఎక్కువుంటే దాన్ని పట్టుకునే జీఎఫ్‌ఓ అనే ఐరన్ ఆక్సైడ్ గుళికలు ఉన్నాయి. తుప్పునీళ్లు పోయేదాకా ఆర్‌ఓ నీళ్లతో కడగండి. ప్యాకెట్ మీద రాసిన మోతాదులో పావు వంతుతో మొదలుపెట్టండి. వారానికి 0.03 కంటే ఎక్కువ దించొద్దు. 0.28నుంచి మూడు రోజుల్లో 0.02కి దించినవాళ్లకి కోరల్స్ కండ ఊడిపోవడం మామూలుగా ఎదురయ్యేదే. పూర్తి మోతాదు వేయడమే దానికి కారణం. రాయిలో దాగినది మళ్లీ బయటికి వస్తుంది కాబట్టి దిగిన అంకె వారంలో కాస్త పైకి వస్తే మందు పనిచేయలేదనుకోవద్దు.

6. తక్కువైతే పెంచడం

ముందు మేత పెంచి చూడండి, చేపలు ఒకటి రెండు తక్కువుంటే చేర్చండి. స్కిమ్మర్‌ని రోజులో కొన్ని గంటలు ఆపొచ్చు. జీఎఫ్‌ఓ ఉంటే తీసేయండి. పదిరోజులైనా సున్నాలే వస్తుంటే ద్రావణాలు కలుపుకోండి. లవణాలు మాత్రం ల్యాబ్ గ్రేడువే, ఎరువుల షాపులో దొరికే 13-0-45, 00-52-34 పనికిరావు, వాటిలో ఇంకేమేం కలిశాయో తెలియదు. యూరియా, డీఏపీ, కాల్షియం నైట్రేట్ ఎరువు అసలే వద్దు, అమ్మోనియా వస్తుంది.

నైట్రేట్ ద్రావణం: 13.7 గ్రాముల సోడియం నైట్రేట్ ఒక లీటరు ఆర్‌ఓ డీఐ నీళ్లలో. ఇందులో 20 మి.లీ. వేస్తే 200 లీటర్లలో నైట్రేట్ 1 పీపీఎం పెరుగుతుంది. సోడియం నైట్రేట్ దొరక్కపోతే పొటాషియం నైట్రేట్ 16.3 గ్రాములు, పని అదే. రోజుకి 1 పీపీఎం మించకండి.

ఫాస్ఫేట్ ద్రావణం: 1.43 గ్రాముల మోనోపొటాషియం ఫాస్ఫేట్ లీటరు నీళ్లలో. 2 మి.లీ.కి 200 లీటర్లలో 0.01 పీపీఎం. రోజుకి 2 నుంచి 4 మి.లీ. మొదటి వారం మీటరు కదలకపోవచ్చు, రాయి పీల్చేస్తుంది. ఆ సమయంలో కంగారుపడి 20 మి.లీ. పోసేవాళ్లే ఎక్కువ, రాయి నిండగానే అంకె ఒక్కసారిగా ఎగురుతుంది. రోజూ అంతే వేస్తూ, రోజు విడిచి రోజు కొలవండి.

సీసాలమీద పెద్ద అక్షరాలతో పేరు, తేదీ రాసి, పిల్లలకి అందనిచోట, చీకట్లో ఉంచండి. రెండు ద్రావణాలకీ ఒకే సిరంజీ వాడితే ఎప్పుడో ఒకరోజు 20 మి.లీ. ఫాస్ఫేట్ పడుతుంది. ఒకదానికి ఎర్ర రిబ్బరు బ్యాండ్ చుట్టండి.

7. ఫలితం ఎలా తెలుస్తుంది

అంకె సరైన గీతలోకి వచ్చాక కోరల్ రంగు తిరగడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చెన్నైనుంచో బెంగళూరునుంచో పార్సిల్‌లో వచ్చిన కొత్త ముక్కని మొదటి మూడు వారాలు లెక్కలోకి తీసుకోవద్దు, ప్రయాణం బడలికే అది.

వారానికో ఫోటో తీయండి. ఒకే వేళ, తెల్ల లైటు మాత్రమే వేసి, అదే చోటునుంచి. నీలి లైటు కింద ప్రతిదీ మెరుస్తుంది, అది చూసి మోసపోతాం. మొదట మార్పు కనబడేది అంచుల్లో. జోయాంథిడ్ నోటి చుట్టూ రంగు రింగు తేలుతుంది, పాదం దగ్గర ఆవగింజంత కొత్త తల మొలుస్తుంది. మష్రూమ్ పొద్దున లైటు వెలిగిన అరగంటలో పూర్తిగా విచ్చుకుంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. లెదర్ కోరల్ అప్పుడప్పుడు నాలుగైదు రోజులు మూసుకుని, మైనపు పొర వదిలి మళ్లీ తెరుచుకుంటుంది, దానికి మందులు మార్చకండి.

ఒకేసారి ఒక్కటే మార్చండి. లైటు పెంచి, వెనిగర్ మొదలుపెట్టి, కొత్త ఉప్పు వాడితే, తర్వాత ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో మీకే తెలియదు. నోట్‌బుక్‌లో తేదీ, నైట్రేట్, ఫాస్ఫేట్, ఆల్కలినిటీ, ఆరోజు ఏం చేశారో ఒక్క వరసలో రాయండి. రెండు నెలల వరసలు ముందు పెట్టుకుంటే ఎవరిని సలహా అడిగినా పని సులువవుతుంది. "బాగోలేదండీ" అని ఒక్క ఫోటో పంపితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

అంకెలు బాగున్నా రంగు రాకపోతే లైటుని అనుమానించండి. ఎల్‌ఈడీ మీద ఉప్పు మరకలు గట్టిపడి వెలుగు తగ్గిపోవడం మన ఉక్కలో చాలా తొందరగా జరుగుతుంది. తడిబట్టతో నెలకోసారి తుడవండి. ఆల్కలినిటీ 10 దాటి, నైట్రేట్ 2 కంటే తక్కువుంటే కోరల్ చివరలు కాలినట్టు కావచ్చు. అప్పుడు నైట్రేట్ పెంచడం ఒక దారి, ఆల్కలినిటీని నెమ్మదిగా 8కి దించడం ఇంకో దారి, రెండోది భద్రం.

ఇంట్లో మనుషులు ఎక్కువయ్యే రోజుల్లో ఈ లెక్కలన్నీ తప్పుతాయి. సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలే, వచ్చిన ప్రతి పిల్లాడికీ చేపకి మేత వేయాలనే ఉంటుంది. మేత డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసేయండి. భోగికి ముందు రోజే నాలుగు చిన్న పొట్లాలు కట్టండి, ఒక్కోదానిలో త్రాసు మీద తూచిన 0.2 గ్రాములు. రోజుకో పొట్లం ఒకే పిల్లాడి చేతికి ఇచ్చి వేయించండి, మిగతావాళ్లకి మర్నాడు వంతు. ముక్కనుమ మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఫాస్ఫేట్ చూడండి. 0.10 దాటకపోతే ఏమీ చేయక్కర్లేదు, దాటితే ఆ వారం 40 లీటర్లు మార్చి వదిలేయండి.